'నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను': ఇంగ్లిష్‌లో చెప్పబోతే ప్రతిసారీ 'యామ్' ఎందుకు వస్తోంది?

రాయదుర్గం_మెట్రో
పాస్ట్ కంటిన్యువస్ ఆరో తరగతి నుంచి చదువుతున్నాను. వాజ్, వర్, క్రియకు ఐఎన్‌జీ. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం నోట్లోంచి రాదు.

మొన్న ఏం జరిగిందంటే, రాత్రి తొమ్మిదింటికి సర్వర్ పనిచేయడం ఆగిపోయింది. అప్పుడు నేను మెట్రోలో ఇంటికి వెళ్తున్నాను. అమీర్‌పేటలో రైలు మారుతున్నాను, ఫోన్‌లో సిగ్నల్ లేదు. మర్నాడు పొద్దున్న క్లయింట్ కాల్‌లో, అలర్ట్ వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావని అడిగారు. 'ఐ యామ్ ట్రావెలింగ్ ఇన్ ద మెట్రో' అన్నాను. అవతలాయన చాలా మర్యాదగా, అలాగైతే దిగాక మాట్లాడదాం అని పెట్టేశాడు. నేను ఆఫీసులో, నా సీట్లోనే ఉన్నాను. పక్కన టీమ్ అంతా నా వైపే చూస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

అదే వారం రివ్యూ ఫారంలో 'ఐ వాజ్ హ్యావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్' అని రాస్తే మా లీడ్ ఎర్ర గీత కొట్టి పంపారు. కావాల్సిన చోట వాజ్ రాదు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటుంది. రూలు తెలియక కాదు. మరి ఎక్కడ తప్పుతోంది? ఇది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బండి_మీద_బాబీ
అంత టెన్షన్ ఎందుకండీ. అవతలివాళ్లకి అర్థమైతే చాలు. నేను రోజూ అందరితో ఇలాగే మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనలేదు.

రాయదుర్గం_మెట్రో
అర్థం కాలేదు కదా బాబీ గారూ. అందుకేగా కాల్ పెట్టేశారు.

తార్నాక_మాష్టారు
అమ్మా, జవాబు నీ పోస్టులోనే ఉంది. మొన్న రాత్రి సంగతి చెప్తూ ఏమని రాశావో చూసుకో. 'అప్పుడు నేను మెట్రోలో ఇంటికి వెళ్తున్నాను', 'రైలు మారుతున్నాను', 'ఆఫీసులో నా సీట్లోనే ఉన్నాను', 'టీమ్ అంతా చూస్తోంది'. అన్నీ జరిగిపోయినవే. ఇవే మాటలు ఈ క్షణానికీ సరిపోతాయి. 'ఎక్కడున్నావు?' అంటే 'ఇంట్లో ఉన్నాను.' 'నిన్న ఎక్కడున్నావు?' అన్నా 'ఇంట్లోనే ఉన్నాను.' మన 'ఉన్నాను' నిన్నకీ నేటికీ ఒకటే. చేస్తూ, ఉన్నాను కలిస్తే చేస్తున్నాను. అందుకే అది కూడా రెండు కాలాలకీ పనికొస్తుంది. నిన్న అనో, అప్పుడు అనో, ఫోన్ చేసినప్పుడు అనో పక్కన ఒక మాట పడితే చాలు, వినేవాడు పోల్చుకుంటాడు.

ఇంగ్లిష్‌లో అలా కుదరదు. 'యామ్' వేరు, 'వాజ్' వేరు. 'వెన్ యు కాల్డ్' అని ముందు చెప్పినా సరే, తర్వాత మళ్లీ 'వాజ్' అనాల్సిందే. మనకు ఒకసారి చెప్తే సరిపోయే కాలాన్ని వాళ్లు ప్రతి క్రియలోనూ చెప్తారు. నువ్వు తెలుగులో సరిగ్గానే ఆలోచించావు. 'ఉన్నాను' అన్న చోట అలవాటుగా 'యామ్' పడింది. నీకు 'ట్రావెలింగ్' బాగానే వచ్చింది చూడు. ఐఎన్‌జీతో పేచీ లేదు, దాని ముందున్న చిన్న మాటతోనే.

ముప్పై ఏళ్లు సర్కారు బడిలో ఇంగ్లిష్ చెప్పాను. పిల్లల నోట్‌బుక్కుల్లో నేను దిద్దిన వాజ్‌లలో సగం పైగా ఈ 'ఉన్నాను' తెచ్చినవే.

సైదాబాద్_సలీం
మాష్టారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఉర్దూలో 'ఖారౌఁ' అంటే తింటున్నాను, 'ఖారా థా' అంటే అప్పుడు తింటున్నాను. 'థా' అన్నది అచ్చం వాజ్ లాగే విడిగా నిలబడుతుంది. మా తమ్ముడికి బళ్లో ఈ పాఠం ఒక్కరోజులో వచ్చేసింది. పక్క బెంచీలో తెలుగు దోస్తుకి నెల పట్టింది. వాడి తెలివి తక్కువేమీ కాదు, లెక్కల్లో వాడే ఫస్టు.

జగిత్యాల_పిల్లగాడు
తెలుగులో లేదని ఎవరన్నారు మాష్టారూ? మా దిక్కు ఉంది. 'నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తింటుంటి' అంటాం. 'ఆయన అప్పుడే వస్తుండె', 'మేం పొలం కాడ పని చేస్తుంటిమి'. 'తింటున్న' అంటే ఇప్పుడు. 'తింటుంటి' అంటే అప్పుడు. మా అమ్మ ఈ రెండిటినీ ఎన్నడూ కలపదు.

బళ్లో ఈ మాటలు రాస్తే కొట్టేసి 'తింటున్నాను' అని దిద్దించిండ్రు. కాలం తేడా తెలిపే మాటను తీసేసి, తేడా లేని మాటను పెట్టించిండ్రు. తర్వాత ఇంగ్లిష్ పీరియడ్‌లో అదే తేడా తెలియదని తిట్టిండ్రు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగనే ఉంటది.

తార్నాక_మాష్టారు
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. నేనూ అలా దిద్దినవాణ్నే. ఇవాళ క్లాసు చెప్పాల్సి వస్తే తింటుంటి, వస్తుండె, పోతుంటిమి అని బోర్డు మీద రాసి, వాటి పక్కనే వాజ్ ఈటింగ్, వాజ్ కమింగ్, వర్ గోయింగ్ అని రాస్తాను. పిల్లవాడికి ఇంట్లోనే ఉన్న తాళంచెవి అది.

తెనాలి_వాణి
మా వైపు లేదనుకోకండి. 'తింటూ ఉన్నాను', 'తింటూ ఉండగా' అంటాం.

జగిత్యాల_పిల్లగాడు
'తింటూ ఉన్నాను' కూడా ఇప్పటికీ అప్పటికీ నడుస్తది కదక్కా. 'ఉండగా' మాత్రం ఒప్పుకుంటా.

చిక్కడపల్లి_లైబ్రరీ
ఆ 'ఉండగా' తోనే నేను ఒడ్డున పడ్డాను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ క్వాలిఫై కావాల్సిందే. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. లైబ్రరీలో నా ఎదురు కుర్చీ అన్న ఒకాయన ఈ కిటుకు చెప్పాడు.

చెప్పదలుచుకున్నది ముందు తెలుగులో అనుకోవాలి. అందులో '-తుండగా' పెట్టి చూడాలి. 'నేను వెళ్తుండగా వాన మొదలైంది.' బాగా అతికింది, అంటే వాజ్ గోయింగ్. తర్వాత '-ఏవాణ్ని' పెట్టి చూడాలి. 'నేను రోజూ వెళ్లేవాణ్ని.' ఇది అతికితే వాజ్ జోలికి పోకూడదు. యూజ్డ్ టు గో, లేదా ఉత్త వెంట్. మొదట్లో ఒక్కో వాక్యానికి పది సెకన్లు పట్టేది. ఇప్పుడు ఆగి ఆలోచించాల్సిన పని లేదు.

జగిత్యాల_పిల్లగాడు
నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే. మా 'పోతుంటి' రెండిటికీ వస్తది. 'నువ్వు చూసినప్పుడు పోతుంటి', 'చిన్నప్పుడు రోజూ నడుచుకుంట పోతుంటి'. అందుకే ఇంటర్వ్యూలో 'డైలీ ఐ వాజ్ గోయింగ్ టు కాలేజ్ బై 10హెచ్ బస్' అన్న. అడిగినాయన 'దెన్ వాట్ హ్యాపెండ్?' అన్నడు. ఏమీ కాలేదు సార్, రోజూ పోయేది అంతే అన్న. ఆయన ఇంకా ఏదో చెప్తనేమోనని చూస్తనే ఉన్నడు.

తెనాలి_వాణి
ఎందుకు చూశాడంటే, వాజ్ గోయింగ్ అనగానే వినేవాళ్లు తర్వాత ఏదో జరిగిందని ఎదురుచూస్తారు. అది కథకి తెర ఎత్తే వాక్యం. 'వాన పడుతోంది. స్టాపు కింద జనం నిలబడి ఉన్నారు. ఒకావిడ గొడుగు దులుపుతోంది.' ఇదంతా వాజ్, వర్. 'అంతలో బస్సొచ్చింది' దగ్గర ఉత్త పాస్ట్. తెర ఎత్తి ఏమీ చూపించకపోతే వాళ్లు కూర్చునే ఉంటారు మరి.

చిక్కడపల్లి_లైబ్రరీ
బాగా చెప్పారు. ఒక్క మినహాయింపు ఉంది. కొన్నాళ్ల పాటే సాగిన అలవాటుకి వాజ్ గోయింగ్ తప్పు కాదు. 'దట్ మంత్ ఐ వాజ్ గోయింగ్ బై బస్ బికాజ్ మై బైక్ వాజ్ ఇన్ ద షెడ్' సరైన వాక్యమే. విసుగు చెప్పడానికీ వాడతారు. 'హీ వాజ్ ఆల్వేజ్ బారోయింగ్ మై పెన్.' ఎప్పుడు చూసినా నా పెన్ను అడిగేవాడు అని, కాస్త చిరాకుగా.

బండి_మీద_బాబీ
అసలు రూలుకన్నా మినహాయింపులే ఎక్కువున్నాయి. అందుకే అన్నాను, అర్థమైతే చాలని.

నైట్_డ్యూటీ
బాబీ తమ్ముడూ, మా దగ్గర అర్థమైతే చాలు అనుకుంటే కుదరదు. నేను నర్సుని, పదకొండేళ్ల సర్వీసు. చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి 'బెడ్ సిక్స్ పేషెంట్ ఈజ్ వామిటింగ్' అన్నాను. చెప్పాలనుకున్నది, అరగంట క్రితం దాకా వాంతులు అవుతున్నాయి, ఇప్పుడు తగ్గాయని. ఆయన భోంచేస్తున్న ప్లేటు వదిలేసి రెండంతస్తులు మెట్లెక్కి పరుగున వచ్చారు. చెయ్యి కూడా కడుక్కోలేదు, వేళ్లకి పెరుగన్నం అంటుకునే ఉంది. పేషెంట్ హాయిగా నిద్రపోతోంది. ఆయన తిట్టలేదు. 'ఈజ్ ఆర్ వాజ్, సిస్టర్?' అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నాకిప్పటికీ చెవిలో ఉంది.

అప్పటినుంచి డ్యూటీ మారేటప్పుడు రాసే హ్యాండోవర్‌లో మూడిటినీ విడివిడిగా రాస్తాను. 'వామిటెడ్ ట్వైస్' అంటే రెండుసార్లు అయి ఆగింది. 'వాజ్ వామిటింగ్ వెన్ ఐ చెక్డ్ ఎట్ టూ' అంటే నేను చూసే వేళకి అవుతోంది, ఎప్పుడు ఆగిందో ఆ వాక్యం చెప్పదు. 'ఈజ్ వామిటింగ్' అంటే ఇప్పుడే లేచి రావాలి. కొత్తగా చేరే పిల్లలకి డ్రిప్ ఎక్కించడం నేర్పిన రోజే ఇదీ నేర్పుతాను.

బండి_మీద_బాబీ
అక్కా, ఇది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సివిల్_కోర్టు_గుమ్మం
మా వృత్తిలోనూ అంతే. యాక్సిడెంట్ క్లెయిముల్లో రాతపని చూస్తాను. 'ఐ క్రాస్డ్ ద రోడ్ వెన్ ద కార్ హిట్ మీ' అని ఒక పెద్దాయన రాసి తెచ్చాడు. దాటాక తగిలిందంటే ఎక్కడ తగిలినట్టు, ఫుట్‌పాత్ మీదా అని అవతలి లాయరు పట్టుకుంటాడు. 'వాజ్ క్రాసింగ్' అంటే రోడ్డు మధ్యలో ఉన్నాడని తేలిపోతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ఆ ఒక్క మాటే చెప్పాలి.

ఇంకొకటి. 'ఎ మ్యాన్ వాజ్ డ్రౌనింగ్ ఇన్ హుస్సేన్ సాగర్' అంటే బతికించి ఉండొచ్చు. 'డ్రౌన్డ్' అంటే పోయాడు. మునిగిపోతున్నాడు, మునిగిపోయాడు అని మనమూ తేడా చూపిస్తాం. ఇక్కడ తెలుగు మనకు అడ్డం రాదు, సాయమే చేస్తుంది.

తెనాలి_వాణి
'ద బస్ వాజ్ స్టాపింగ్' కూడా అంతే. బస్సు నెమ్మదిస్తోంది, ఇంకా ఆగలేదు. ఆగిందనుకుని దిగితే మోకాలు చెక్కుకుపోతుంది.

రాయదుర్గం_మెట్రో
అందరికీ థాంక్స్. 'ఉన్నాను' సంగతి చదివాక గుండె బరువు దిగింది. మరి నా రెండో తప్పు? 'వాజ్ హ్యావింగ్ ఎక్స్‌పీరియన్స్' ఎందుకు కొట్టేశారు? 'నాకు అనుభవం ఉండేది' అనేగా.

తెనాలి_వాణి
'ఉండేది' అనగానే మన బుర్రకి అది సాగుతున్న పనిలా తోస్తుంది. అనుభవం ఉండటం పని కాదు, స్థితి. మనం కూర్చుని చేసేదేమీ లేదు. తెలియడం, నమ్మడం, సొంతం కావడం, అవసరం కావడం ఇలాంటివే. ఐ న్యూ హిమ్, ఐ నీడెడ్ మనీ, ఐ హ్యాడ్ ఎ బైక్. వాజ్ నోయింగ్, వాజ్ నీడింగ్ అనరు. హ్యావ్ తోనే చిక్కు. 'హ్యావింగ్ లంచ్' అంటే తినడం, అది పనే కాబట్టి వాజ్ హ్యావింగ్ లంచ్ సరైనదే. 'హ్యావింగ్ ఎ బైక్' కుదరదు. నోట్లో పెట్టుకునేది అయితే సరే, చేతిలో ఉండేది అయితే వద్దు అని మా పిల్లలకి చెప్తాను. పార్టీ, మీటింగు లాంటివి పనులే కనుక వాటికీ సరే.

వినిపించడం కూడా చూసుకోండి. కాల్‌లో 'ఆర్ యు హియరింగ్ మీ?' అని రోజుకి ఇరవైసార్లు వింటాను. 'వినిపిస్తోందా' అన్న మన మాట అది. వాళ్లు 'కెన్ యు హియర్ మీ' అంటారు.

జగిత్యాల_పిల్లగాడు
కోట్లమంది 'ఐ వాజ్ హ్యావింగ్' అంటుంటే అది తప్పెట్ల అయితది వాణక్కా? మనదీ ఒక ఇంగ్లిష్ అనుకోవచ్చు కదా. ఒకప్పుడు 'తింటుంటి'ని తప్పన్నరు. ఇప్పుడు మనమే 'వాజ్ హ్యావింగ్'ని తప్పంటున్నం.

తెనాలి_వాణి
ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు తమ్ముడూ. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు నేను ఎవరినీ దిద్దను. పరీక్షలో మార్కు పోతుంది, రివ్యూలో ఎర్ర గీత పడుతుంది కాబట్టి నేర్పుతాను.

తార్నాక_మాష్టారు
పిల్లగాడి ప్రశ్న మంచిది. ఇంగ్లిష్ కూడా ఒక్క చోట నిలిచిన భాషేమీ కాదు. నేను ట్రైనింగ్‌కి వెళ్లిన రోజుల్లో ఇక్కడి ఇఫ్లూని, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీని, సీఫెల్ అనేవాళ్లు. 1958లో టీచర్ల శిక్షణ కోసం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అని మొదలైంది, 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ. అక్కడ ఒక క్లాసులో విన్నదాంతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. 'ఇల్లు కడుతున్నారు' అనడానికి ఒకప్పుడు ఇంగ్లండులోనే 'ద హౌస్ వాజ్ బిల్డింగ్' అనేవాళ్లట. 'వాజ్ బీయింగ్ బిల్ట్' బాగా వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దం చివరి నుంచే. 19వ శతాబ్దంలో కూడా అది వికారంగా ఉందని కొట్టిపారేసిన పెద్దలున్నారు. ఇవాళ అదే రూలు. అందుకే తప్పు దిద్దేటప్పుడు పిల్లవాణ్ని చిన్నబుచ్చకూడదని అప్పుడే అనుకున్నాను. దిద్దడం మాత్రం మానలేదు.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
ఆ 'బీయింగ్' ఒక్కటే నాకు పనికొచ్చింది మాష్టారూ. లిఫ్టు రిపేరు నోటీసులో 'లిఫ్ట్ వాజ్ రిపేరింగ్' అని రాశాను. మూడో అంతస్తు పాప వచ్చి, అంకుల్, లిఫ్టు దేన్ని రిపేర్ చేస్తోంది అని అడిగింది.

తార్నాక_మాష్టారు
ఆ పాపకి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి. ఇప్పుడు జరుగుతున్న రిపేరైతే 'ఈజ్ బీయింగ్ రిపేర్డ్', నిన్నటి మాటైతే 'వాజ్ బీయింగ్ రిపేర్డ్'.

వాయిస్_ప్రాసెస్
ఎవరూ చెప్పని సంగతొకటి. ఆరేళ్లుగా హెడ్‌సెట్ పెట్టుకుని అమెరికా వాళ్ల మాటలు వింటున్నాను. వాళ్లు 'వాజ్' అని నిండుగా అనరు. 'ఐ వజ్ ట్రావెలింగ్' అని గాలికి వదిలేస్తారు, మన చెవికి ఆనదు. అందుకే ఎన్ని వీడియోలు చూసినా మనకి ఐఎన్‌జీ ఒక్కటే గుర్తుంటుంది. స్పీడు తగ్గించి, ఆ 'వజ్' ఎక్కడుందో వేలితో టేబుల్ మీద తడుతూ వినండి. వారం చేస్తే చెవికి పడుతుంది.

ఇంకోటి, 'ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్' అని కస్టమర్ అంటే జరిగిపోయిన సంగతి కాదు, ఇప్పుడే సాయం కావాలని. మొదట్లో నాకు అర్థం కాక, మరి ఇప్పుడేం కావాలండీ అని అడిగేవాణ్ని.

తెనాలి_వాణి
మనమూ అలాగే అంటాం కదా! 'మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను.' అనుకోవడం ఇప్పుడే, మాట మాత్రం నిన్నటిది. మొహమాటానికి ఒకడుగు వెనక్కి వేసి అడగడం ఇద్దరికీ ఉంది. ఇన్నేళ్లుగా చెప్తున్నా ఈ పోలిక నాకు ఇవాళే తట్టింది.

చిక్కడపల్లి_లైబ్రరీ
'చేద్దామనుకున్నాను కానీ చెయ్యలేదు' అన్నదానికి 'ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు'. అక్కడ గోయింగ్ ఉన్నా ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. పేపర్లో దీని మీద పొరపాటు పడేవాళ్లు చాలామంది.

రాయదుర్గం_మెట్రో
రేపు ఆ సర్వర్ సంగతి రిపోర్టు ఇవ్వాలి. పొద్దున్న మెట్రోలో నిలబడి '-తుండగా' పెట్టి చూసుకుంటూ రాశాను. ఇదిగో, దయచేసి చూడండి.

'ద అలర్ట్ కేమ్ ఎట్ 9:04. ఐ వాజ్ ఛేంజింగ్ ట్రైన్స్ ఎట్ అమీర్‌పేట్. మై ఫోన్ వాజ్ నాట్ హ్యావింగ్ సిగ్నల్. వెన్ ఐ వాజ్ రీచింగ్ హోమ్, ఐ లాగ్డ్ ఇన్.'

నైట్_డ్యూటీ
రెండో వాక్యం చక్కగా ఉంది చెల్లీ. నాలుగోది చూడు. ఇంటికి చేరుతుండగా లాగిన్ అయ్యావా, చేరాకా?

రాయదుర్గం_మెట్రో
చేరాకే అక్కా. చెప్పులు కూడా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచాను.

నైట్_డ్యూటీ
అయితే 'వెన్ ఐ రీచ్డ్ హోమ్'.

తెనాలి_వాణి
మూడోది 'మై ఫోన్ హ్యాడ్ నో సిగ్నల్'. సిగ్నల్ నోట్లో పెట్టుకునేది కాదు.

రాయదుర్గం_మెట్రో
రెండూ మార్చాను. ఇప్పుడే పంపించేశాను.

జగిత్యాల_పిల్లగాడు
రేపు కాల్‌లో అడిగితే ఏమంటవు అక్కా?

రాయదుర్గం_మెట్రో
'ఐ వాజ్ ట్రావెలింగ్.' మనసులో మాత్రం ముందు 'పోతుంటి' అనుకుంటాను.